ఎలుకగడ్డకు బొరుగుల మూట

ముందే చెప్పేస్తున్నాను, ఆ ఎలుకను చూస్తే మీకు ఏమీ అనిపించదు. నాకూ అనిపించలేదు. బొటనవేలంత ఒళ్ళు, దానికంటే కాస్త పొడుగు తోక, వీపు మీద మన్ను రంగులో గరుకు వెంట్రుకలు, పొట్ట మాత్రం సున్నం కొట్టినట్టు తెలుపు. దీన్ని కాపాడటానికి సర్కారు జీతమిచ్చి మనుషులను పెట్టిందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. ఆ మనుషుల్లో నేనొకణ్ణి అంటే నవ్వారు.

నవ్వరా మరి! మాది బళ్ళారి బజారులో తిండిగింజల కొట్టు. తాతది, ఆయన తర్వాత నాయనది. మా వంశానికి శత్రువంటూ ఒకరుంటే అది ఎలుకే. నాయన పొద్దున కొట్టు తలుపు తీసి మొదట బోను చూసేవాడు, తర్వాత దేవుడి పటం. బోను నిండుగా ఉన్న రోజున దేవుడికి కర్పూరం కూడా దక్కేది. నేను ఎలుకలను బతికించే పనిలో పడ్డానని తెలిసేనాటికి ఆయన కొట్టు మా తమ్ముడికి అప్పగించి, గల్లాపెట్టె పక్కన ఊరికే కూర్చునే వయసులో ఉన్నాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"నిన్ను సదివిచ్చింది ఇందుకాప్పా?" అన్నాడు. బోను వైపు చెయ్యి చూపి, "మన కొట్లో శానా ఉండాయి, పట్టకపో. ఊరికే ఇస్తా" అన్నాడు.

ఆయన ఊరికే ఇస్తానన్న సరుకు జీవితంలో అదొక్కటే.

ఆ ఎలుక ఉండే చోటు చెప్పాలి. తెక్కలకోట దాటి నది వైపు పోతే తుంగభద్ర మధ్యలో మూడు రాతిగడ్డలు కనిపిస్తాయి. సంత ముగిశాక ఎవరూ ఎత్తుకుపోని మూటల్లా గుండ్ల మీద గుండ్లు. చిన్నగడ్డ, నడిమిగడ్డ, పెద్దగడ్డ అని పిలుస్తారు. ఆ గుండ్ల సందుల్లో తప్ప ఈ ఎలుక లోకంలో ఇంకెక్కడా లేదు. ఒడ్డున లేదు, అవతలి కొండల్లో లేదు. మేము రాతిచిట్టెలుక అనేవాళ్ళం. పుస్తకాల్లో దానికో పెద్ద పేరుంది. ఆ పేరు పూర్తిగా పలికేలోపు ఎలుక సందులోకి దూరిపోతుంది.

నేను మా శాఖలో సామాన్లు కొనే పని చేశాను. శాఖ పేరు వద్దులెండి, పెన్షన్ ఇంకా వస్తోంది. పనిలో నాకున్న విద్య ఒక్కటే, బేరం. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు చదువుతుంటే రాసుకోండి. ముందు సరుకును చేత్తో పట్టుకుని నిట్టూర్చాలి. తర్వాత దానికి లేని వంక పెట్టాలి. ఇవి ఎవరైనా చేస్తారు. అసలు విద్య వెనక్కి తిరిగి నడవడంలో ఉంది. గబగబా నడిస్తే కొట్టువాడు పోతే పోనీ అనుకుంటాడు. మరీ మెల్లగా నడిస్తే వీడు పోయేవాడు కాదని కనిపెడతాడు. మధ్యలో చెప్పు సర్దుకోవడానికి ఒకసారి వంగాలి. అప్పుడు వెనకనుంచి "ఓ అప్పా, రా ఇట్ల" అని పిలుపు వస్తుంది. వచ్చాక ఇద్దరి ధరకూ నడుమ ఫైసలా చేసుకుని, ఆ పైన కొసరు అడగాలి. కొసరు లేకుండా కొట్టు దిగితే మా ఇంట్లో అన్నం పెట్టేవాళ్ళు కాదు.

ఈ విద్య నాకు ఎంత ముదిరిందంటే, ఒకసారి పన్ను నొప్పికి డాక్టరు దగ్గరికి పోయి, ఒకటి పీకితే ఒక ధర, రెండు పీకితే తగ్గుతుందా అని అడిగాను. తగ్గుతుందన్నాడు. బాగున్న పన్ను కూడా పీకించుకుని, లాభం వచ్చిందన్న సంతోషంతో ఇంటికి వచ్చాను. ఆ సందు ఇప్పటికీ ఉంది. నవ్వినప్పుడల్లా నా తెలివి అందరికీ కనిపిస్తుంది.

ఇంతటివాణ్ణి కాబట్టే, ఎలుకల మీద పరిశోధన చేయడానికి ధారవాడ వైపునుంచి ఒక అమ్మాయి వచ్చినప్పుడు, ఆమెకు కావలసినవన్నీ చూడమని నన్ను వేశారు. తెలుగు బాగానే మాట్లాడేది. కోపం వస్తే మాత్రం కన్నడంలోకి దిగేది. నన్ను అణ్ణా అనేది, నేను మేడమ్ అనేవాణ్ణి. మొదటిరోజే ఒడ్డున తగాదా. మేము పుట్టిలో దాటాలి. పుట్టి అంటే వెదురు అల్లి అడుగున తారు పూసిన గుండ్రని పడవ. అందులో నేను బియ్యం మూట పెట్టబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇదు బేడ అణ్ణా. మూట వద్దు."

"గోనెసంచి మేడమ్. బాంబు కాదు."

"బాంబైతే ఒకసారే పేలుతుంది. ఇందులో ఇంటెలుక ఒకటి, కడుపుతో ఉన్నది, దాక్కుని ఉంటే చాలు. గడ్డ మొత్తం పోతుంది."

పుట్టి నడిపే ఆయన తెడ్డు మీద గడ్డం ఆనించి వింటున్నాడు. ఆ నది మీదే పుట్టి పెరిగిన మనిషి. తెడ్డు కంటే నోరు ఎక్కువ ఆడించేవాడు. "ఎలకలకు ఎలకలంటే బయమా మేడమ్మా? యాడన్నా ఉండాదా?" అన్నాడు.

"ఉంది. ఇంటెలుక ఏడాది పొడవునా పిల్లలు పెడుతుంది. రాతిది వానలప్పుడు ఒకసారి, రెండో మూడో. ఇద్దరికీ తిండి అదే, దాక్కునే సందు అదే. ఎవరు మిగులుతారు?"

"ఈదుకుంటా పోలేదా ఇంటెలక?"

"ఇంత నీళ్ళు ఈదలేదు. మనమే పుట్టి ఎక్కించి పంపాలి."

అప్పటినుంచి ఆమె నియమం ఒకటే. గింజ అన్నది గడ్డ మీదికి పోతే మూతపడే స్టీలు డబ్బాలో పోవాలి. పరుపు, దుప్పటి, సంచి, ఏదైనా సరే ఒడ్డున దులిపి, తిరగేసి చూపించాలి. నా పరుపు దులిపిన రోజు ఒడ్డున శెనక్కాయ పొట్టు కుప్ప పడింది. పుట్టాయన అది చూసి, "ఏమప్పా, పరుపు మీద పండుకుంటావా, పంట పండిస్తావా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది కాని, నియమం మాత్రం చాదస్తమనిపించింది. ఏ కొట్టుకైనా ఎలుక వస్తుంది, ఏ ఇంటికైనా వస్తుంది. ఎలుక రాని చోటు ఒకటుంటుందని మా బజారులో ఎవరూ నమ్మరు.

ఇక మా పెద్ద సారు. మా విభాగానికి ఆయనే పైవాడు. సరిహద్దు అవతలి ఊరు, తెలుగే మాట్లాడేవాడు. చెడ్డవాడు కాదు. ఫోటోలంటే ప్రాణం. ఎలుక దొరికిందన్న వార్త పేపర్లో వచ్చినప్పటినుంచి ఆయనకు నిద్ర లేదు. "ఎలుకను ప్రజల్లోకి తీసుకుపోవాలి" అనేవాడు. ప్రజల్లో ఎలుకలు ఇప్పటికే చాలా ఉన్నాయని చెప్పాలని నాకు నోటిదాకా వచ్చేది.

చిన్నగడ్డ మీద మూషికోత్సవం పెడదామని ఆయన అన్నాడు. షామియానా, కుర్చీలు, అతిథులు, భోజనం. ఆ అమ్మాయి ఒక్కటే మాట అంది. గడ్డ మీద తిండి వద్దు. ఆయనా ఒక్కటే మాట అన్నాడు. తిండి పెట్టకపోతే ఎవరొస్తారు?

ఇద్దరూ నా వైపు చూశారు. ఎక్కడ రెండు ధరలుంటే అక్కడ మూడోది చెప్పేవాణ్ణి నేనే కదా.

"భోజనం ఒడ్డున వండుదాం సార్. అన్నం, పప్పు ఏదీ నది దాటదు. మేడమ్ మాట నిలబడుతుంది. గడ్డ మీద ఊరికే బొరుగుల వగ్గాణి, మిరపకాయ బజ్జి. బొరుగుల్లో ఏముంది మేడమ్, గాలి తప్ప?"

"బొరుగులు మూటల్లో వస్తాయి అణ్ణా."

"మూడు మూటలు అనుకున్నాం. ఒక్కటే తెస్తా."

"ఒక్క మూటైనా మూటే."

"మేడమ్, మీరూ ఒక మెట్టు దిగాలి" అన్నాడు పెద్ద సారు. ఆమె దిగలేదు. మేమే ఆమె దిగినట్టు లెక్క వేసుకుని లేచాం.

బొరుగులు మా బజారులోనే కొన్నాను. నిట్టూర్చాను, వంక పెట్టాను, నడిచాను, చెప్పు సర్దుకున్నాను. కొట్టాయన పిలిచాడు. ఫైసలా అయ్యాక కొసరు అడిగితే, మూలన చాలాకాలంగా పడి ఉన్న ఇంకో మూట తీసి ఇచ్చాడు. ఆరోజు నా అంత గొప్పవాడు బళ్ళారిలో లేడు. ఒక్క మూటకే అనుమతి ఉంటే, రెండో మూట కొనలేదు కాబట్టి అది లెక్కలోకి రాదని నాకు నేనే చెప్పుకుని, రెండింటినీ పుట్టి ఎక్కించాను.

ఉత్సవం బ్రహ్మాండంగా జరిగింది. ఒకాయన ఎలుక మీద మాట్లాడుతూ ఉడత గురించి చెప్పి కూర్చున్నాడు. ఎలుక ఒక్కటీ కనిపించలేదు. రాత్రి తిరిగే జీవాన్ని మధ్యాహ్నం మైకు పెట్టి పిలిస్తే అది రాదు. చివర్లో కొసరు మూట విప్పకుండానే మిగిలిపోయింది. పెద్ద సారుకు ఒక ఆలోచన తట్టింది.

"వాటికీ పండగేగా" అని మూట విప్పి, గుండ్ల మీద బొరుగులు గుమ్మరించాడు. ఫోటో తీశారు. ఆ అమ్మాయి పరిగెత్తుకొచ్చేసరికి బొరుగులు సందుల్లోకి జారిపోయాయి. ఆమె గుండు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో బొరుగు ఏరడం మొదలుపెట్టింది. అతిథుల్లో ఒకాయన, ఆమె ప్రసాదం ఏరుకుంటోందనుకుని తానూ కొంచెం ఏరి కళ్ళకద్దుకున్నాడు.

వానలు రాకముందు ఒక పొద్దున ఆమె చిన్నగడ్డలో పెట్టిన బోన్లు చూసుకుని ఒడ్డుకు వచ్చింది. అరవలేదు, కన్నడం కూడా రాలేదు. గుడ్డసంచి నా ముందు తెరిచి, "గుర్తుపట్టారా అణ్ణా?" అంది.

గుర్తుపట్టకపోవడమా? పొట్ట తెల్లగా లేదు. ఒళ్ళంతా బూడిదరంగు, జిడ్డు. ఆ వాసన నాకు ఉగ్గుపాలతో తెలుసు. గోనె, పాత గింజ, గల్లాపెట్టె కలిసిన వాసన. మా కొట్టు బిడ్డే. పక్క కొట్టుదో ఏమో, బంధువే. నన్ను చూసి మీసాలు కదిలించింది, ఊరివాడు కనబడినట్టు.

ఆమె చాలా బోన్లు పెట్టింది. పట్టినకొద్దీ బూడిదరంగువే పడ్డాయి. వానలు పోయి నది తగ్గేసరికి చిన్నగడ్డ మీద తెల్లపొట్టది ఒక్కటి కూడా పడలేదు. ఆమె బోన్లు పెట్టడం మానలేదు. ఖాళీ బోను మడిచి సంచిలో వేసుకునేటప్పుడు ఆమె చేతులను చూడటానికి నాకు మనసు ఒప్పేది కాదు. అందుకని నేను తాడు చుట్టే పని కల్పించుకునేవాణ్ణి. చుట్టిన తాడునే మళ్ళీ విప్పి చుట్టేవాణ్ణి.

పెద్ద సారు మాత్రం కుంగిపోలేదు. "ఇంకా రెండు గడ్డలున్నాయిగా" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు, కొట్లో నా గొంతు బయటినుంచి విన్నట్టనిపించింది. ఆ తర్వాత పైకి ఏం పంపాడో తెలుసా? ఉత్సవం తర్వాత చిన్నగడ్డ మీద ఎలుకలు బాగా పెరిగాయని పంపాడు. అబద్ధం కాదు. ఏ ఎలుకలో ఎవరూ అడగలేదు. పైవాళ్ళు మెచ్చుకున్నారు. మెచ్చుకుని, పెద్దగడ్డ మీద ఇంకా ఘనంగా చేయమన్నారు. ఈసారి పైనుంచి ఒక పెద్దాయన కూడా వస్తాడన్నారు.

నడిమిగడ్డ అంటే నాలుగు గుండ్లు, వరద పెద్దదైతే మునుగుతుంది. కాబట్టి రాతిచిట్టెలుకకు నమ్మకంగా మిగిలిన ఇల్లు పెద్దగడ్డే. అది పోతే ఇక పుస్తకంలో పేరే.

ఉత్సవం రోజునే ఆ అమ్మాయికి రాజధానిలో సమావేశం పెట్టారు. ఎవరు పెట్టించారో నేను చెప్పను, మీరు ఉద్యోగస్థులే. బస్సెక్కేముందు ఆమె నాతో మాట్లాడింది.

"అణ్ణా, ఆరోజు మీరు బేరం ఆడొద్దు."

"మీ తరఫునే ఆడతా మేడమ్. పట్టుబట్టి ఆడతా."

"ఆడితే మీరు గెలుస్తారు. అదే నా భయం" అని బస్సెక్కింది.

నిజం చెప్పాలంటే, ఆరోజు పొద్దున దాకా నా బుర్రలో ఫైసలా ఒకటి తయారుగానే ఉంది. కొత్త సంచులు, కొత్త బొరుగులు, ఎక్కించేముందు ఒకసారి తట్టి చూడటం. ఆమెకు సగం, ఆయనకు సగం. ఒడ్డుకు మూటలు వచ్చాయి. పుట్టాయన మొదటి మూట భుజానికెత్తాడు. దాని మూలనుంచి బొరుగులు సన్నగా, ధార కట్టి కారుతున్నాయి. దింపించి చూశాను. చిల్లు. అంచులు పీచుపీచుగా ఉన్నాయి. కత్తి కోసిన చిల్లు అలా ఉండదు. అటువంటి చిల్లులు కుడుతూనే నేను పెరిగాను.

"మూట ఎక్కదు" అన్నాను.

నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. పెద్ద సారు కారు దగ్గరనుంచి వచ్చాడు.

"ఏమయింది?"

"మూట ఎక్కదు సార్."

"చిల్లుదాన్ని పక్కన పెట్టు. మిగతావి ఎక్కించు."

"ఏ మూటా ఎక్కదు సార్."

ఆయన నవ్వాడు. "సరే, ఎంతకు వస్తావు? ఒక్క మూట?"

"లేదు సార్."

"సగం మూట. నా ముందే ఒలకబోసి చూపించు."

"లేదు సార్."

"టిఫిన్ డబ్బాలో పెట్టి తీసుకుపోదాం, పెద్దాయనకు మాత్రం."

"గడ్డ మీద గింజ పడకూడదు సార్. పెద్దాయన బొరుగులు కింద పడకుండా తింటారని మీరు రాసిస్తారా?"

ఆయన మొహం ఎర్రబడింది. నన్ను వదిలి పుట్టాయన వైపు తిరిగాడు. "నువ్వు ఎక్కించవయ్యా. నేను చెప్తున్నాను."

పుట్టాయన తెడ్డు నేలకు గుచ్చి, నన్నొకసారి, ఆయన్నొకసారి చూశాడు. "సామీ, నేను ఎవురు సెప్పినా ఎక్కిస్తా. నాకేం? కానీ ఈయప్ప నాకు శానా ఏండ్లుగా తెలుసు. నా పుట్టి బాడుగ అడిగినప్పుడు గూడా ఒగే మాట మీద నిలబడిన పాపాన పోలేదు. ఇయ్యాల ఒగే మాట మీద ఉండాడంటే ఏందో ఉండాది. నేను ఎక్కించ సామీ."

అప్పుడు పెద్ద సారు ఏం చేశాడో వినండి. వెనక్కి తిరిగి నడిచాడు. గబగబా కాదు, మరీ మెల్లగా కాదు. కారుకు ముందు ఆగి, బూటు దారం సర్దుకోవడానికి వంగాడు. దారం బిగిసే ఉంది. నా విద్య, నా దగ్గర నేర్చుకున్న విద్య, నా మీదే. వెనకనుంచి పిలుపు వస్తుందని ఆయన చెవి ఎలా నిక్కి ఉందో నాకు తెలుసు, నా చెవి అలా ఎన్నిసార్లు నిక్కలేదు? నోరు తెరిస్తే పిలుస్తానేమోనని పన్ను పోయిన సందులో నాలుక గట్టిగా పెట్టుకుని నిలబడ్డాను.

పిలవలేదు. ఆయన కారెక్కి తలుపు వేసుకున్నాడు.

కాసేపటికి అసలు పెద్దాయన వచ్చి కారు దిగాడు. నదిని చూశాడు, పుట్టిని చూశాడు, ముఖం మారింది. "ఇందులోనా పోవాల్సింది?" అన్నాడు. ఒడ్డునే చేద్దామని పెద్ద సారు చెప్పేలోపే కుర్చీలో కూర్చున్నాడు. వగ్గాణి రెండుసార్లు వేయించుకున్నాడు. "ఇప్పుడు పోతే ఎలుక కనిపించేదా?" అని అడిగాడు. రాత్రిపూట తిరుగుతుంది సార్ అన్నాం. "మరి మనం పగలు ఎందుకొచ్చినట్టు?" అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం.

నాకు దక్కింది మాత్రం దక్కింది. మిగిలిన సర్వీసు సండూరులో ఒక గోడౌనుకు వేశారు. ఖనిజం లారీల దుమ్ముకు అక్కడ కాగితాలూ, నేనూ, నా తెల్లచొక్కాలూ ఒకే రంగుకు వచ్చాం. అక్కడా ఎలుకలున్నాయి, ఎర్రగా. సన్మానం లేకుండా రిటైరయ్యాను. శాలువా అయినా ఇవ్వరా అని మా ఇంటామె అడిగింది. శాలువాలో ఎలుక ఉంటుందేమోనని మానేశారన్నాను. నవ్వలేదు.

ఆ అమ్మాయి ఫోను చేసింది. పెద్దగడ్డ మీద బోన్లు చూసుకుని వచ్చిందట. "తెల్లపొట్టవే అణ్ణా. అన్నీ తెల్లపొట్టవే" అంది. థాంక్స్ అనలేదు. చిన్నగడ్డ ఇద్దరికీ గుర్తుంది. "ఒకసారి వచ్చి చూడండి" అని మాత్రం అంది.

పోయిన చలికాలం పోయాను. పుట్టాయన కాస్త ముసలివాడయ్యాడు, నోరు మాత్రం ముసలిదవలేదు. పుట్టి ఎక్కబోతే తెడ్డు అడ్డం పెట్టాడు.

"జేబులు సూపీప్పా."

"నన్నా?"

"నిన్నేప్పా. అందురివీ సూస్తాండా. మొన్న ఆ మేడమ్మవి గూడా సూసినా."

చొక్కా జేబులో వేయించిన శెనక్కాయలున్నాయి. బజారులో పుట్టినవాడి జేబు ఊరికే ఉండదు. "నాలుగు గింజలప్పా. తినుకుంటా పోతా. ఆడికి పోయేసరికి అయిపోతాయి."

"ఎక్కవు."

"పొట్టు కూడా జేబులోనే వేసుకుంటాలే."

"ఎక్కవంటే ఎక్కవప్పా."

"సగం నీకిస్తా, సగం నేను తింటా. ఏమంటావు?"

ఆయన అడ్డం పెట్టిన తెడ్డు తియ్యలేదు. నాకు రోషం వచ్చింది. వెనక్కి తిరిగి నడిచాను. గబగబా కాదు, మరీ మెల్లగా కాదు. ఇసుక దాటి గట్టు దాకా వచ్చి, చెప్పు సర్దుకోవడానికి వంగాను. నది చప్పుడు వినిపిస్తోంది. తెడ్డును పుట్టి అంచుకు తడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంకో చెప్పు కూడా సర్దుకున్నాను.

పిలవలేదు.

గట్టు మీద కూర్చుని శెనక్కాయలన్నీ తిన్నాను. జేబు బయటికి లాగి, దులిపి, అలా వేలాడేసుకునే తిరిగి వెళ్ళి పుట్టి ఎక్కాను.